ఊదా ఎవరిది

తలుపుకి వీపు ఆనించి పీట వేసుకుని కూర్చున్నాను. గొళ్ళెం పెట్టాను గానీ గొళ్ళెం మీద నాకు నమ్మకం లేదు, దాన్ని పిల్ల ఒక్క వేలితో తీసేస్తుంది, నన్ను తీయాలంటే మాత్రం ముసల్దాన్ని చంకల కింద చేతులు పెట్టి లేపాలి, అంత పని అది చేయదు, చేసినా నేను బరువైపోతాను, చిన్నప్పుడు బడికి వెళ్ళనని నేల మీద పడి బరువైపోయేది చూడు, అలాగ. మైకు బండి మళ్ళీ ఇటే వస్తోంది. ఆడపిల్ల గొంతు, తేనె పూసిన గొంతు, ఎవరి కూతురో, ఒక్కసారి చదివి ఇంటికి వెళ్ళిపోయి ఉంటుంది, వాళ్ళు దాన్నే తిప్పి తిప్పి వాగిస్తున్నారు. కొళాయి దగ్గర జరిగిన గొడవలో ఉన్నవాళ్ళు ఈ సాయంత్రం నాలుగు నుంచి ఐదు లోపల బడి మైదానానికి వచ్చి తమంతట తాము చెప్పుకుంటే కేసుండదు, కొట్టడం ఉండదు, మాట్లాడి ఇంటికి పంపిస్తాం, ప్రభుత్వం మాట ఇస్తోంది. ఇస్తోందట! ఎన్ని ఇచ్చావు తల్లీ, పెట్టుకోవడానికి ఇంట్లో చోటు లేదు, అటక మీద కొన్ని పడేశాం, ఎలకలు కూడా ముట్టుకోలేదు. పిల్ల ఖాళీ తొట్టి అంచు మీద కూర్చుని నన్నే చూస్తోంది. వాళ్ళమ్మ కళ్ళే, రెప్ప వేయవు.

"లే అమ్మమ్మా."

"లేవను."

"కాళ్ళు తిమ్మిరెక్కుతాయి."

"ఎక్కనీ. తిమ్మిరెక్కిన కాళ్ళతో అసలే లేవలేను, ఇంకా మంచిది."

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. నవ్వి ఎన్నాళ్ళయింది ఈ ఇంట్లో, పోలీసులు వీధికి రెండు చివర్లా అడ్డం కట్టిన రోజు నుంచీ నవ్వులు కూడా అటువైపే ఆగిపోయాయి, కూరగాయలతో పాటు. మా వీధి అద్దకం వీధి, ఇక్కడ ఎవరికీ పేర్లుండవు, ఉంటాయి, పుట్టినప్పుడు పెడతారు, పోయినప్పుడు చెప్పుకుంటారు, మధ్యలో వాటితో పని లేదు. ఇంటికో రంగు. తాతల కాలం నుంచీ అంతే, ఎర్ర తొట్టి ఉన్నది ఎర్రిల్లు, నీలం తొట్టి ఉన్నది నీలిల్లు, మాది ఊదిల్లు. ఎర్రింటావిడ, నీలింటి కోడలు, నల్లింటన్నయ్య, నేను ఊదింటి ముసలమ్మని, ఇది ఊదింటి పిల్ల. ఒకళ్ళ రంగు ఒకళ్ళు ముట్టుకోం, ముట్టుకుంటే ఊరుకోరు, ఒకప్పుడు ఎర్రింటి పెద్దాయన తొట్టిలో నీలం చుక్క పడిందని రెండిళ్ళూ ఒక తరం మాట్లాడుకోలేదు, పెళ్ళి చేసుకుంటేనే కలిశారు, ఆ పెళ్ళి చేసుకున్నవాళ్ళు మాత్రం ఇప్పటికీ మాట్లాడుకోరు. ఎవరి చేతులు చూస్తే వాళ్ళ ఇల్లు తెలిసిపోయేది. మోచేతుల దాకా రంగు, గోళ్ళ సందుల్లో రంగు, స్నానానికి పోదు, ఏడుపుకి పోదు. నా పెళ్ళికి నా చేతులు ఎర్రగా ఉండేవి, నా పుట్టిల్లు ఎర్రిల్లే, ఇక్కడికొచ్చాక ఊదా ఎక్కడానికి ఏడాది పట్టింది, అంతవరకూ మా అత్తగారు నన్ను "పైవీధి పిల్లా" అని పిలిచేది, మూడిళ్ళ అవతల నుంచి వచ్చినదాన్ని.

ఇప్పుడు చూడు ఈ చేతులు. నలుపు. అందరివీ నలుపే. అది తర్వాత చెబుతాను, ముందు కొళాయి సంగతి, కొళాయి లేకపోతే ఇవేవీ లేవు. కాలవ నీళ్ళు ఎటో మళ్ళించేశారు, పెద్ద పెద్ద వాళ్ళకి ఏదో కట్టడానికి, మీకేం ఫర్వాలేదు, కొళాయిలు వేస్తాం అన్నారు. వేశారు. గట్టు కట్టారు, గట్టుకి సున్నం కొట్టారు, మెరిసే కొళాయి బిగించారు, మంత్రి వచ్చి తిప్పాడు. తిప్పగానే నీళ్ళు! ధారగా, ఎంత బాగా పడ్డాయని, నేను కూడా చప్పట్లు కొట్టాను, అబద్ధమెందుకు, చేతులు నొప్పి పుట్టేలా కొట్టాను. ఫోటోలు తీసుకున్నారు, కార్లెక్కారు, ధార సన్నబడింది, చుక్కలయింది, ఆగిపోయింది. పిల్లలు వెళ్ళి గోడ వెనక చూస్తే ట్యాంకరు, దానికి గొట్టం, గొట్టం చివర మన మెరిసే కొళాయి. ట్యాంకరు డ్రైవరు గొట్టం చుట్టుకుంటూ, "నన్ను తిట్టకండి తల్లీ, నేను ఇవాళ నాలుగూళ్ళలో ప్రారంభోత్సవం చేశాను" అన్నాడు. నవ్వాలా ఏడవాలా? మేం నవ్వాం. నవ్వి ఊరుకున్నాం, మా పొరపాటు అదే, తొట్లలో అడుగు రంగు తప్ప ఏమీ మిగల్లేదు, నూలు మూటలు మూటల్లాగే ఉన్నాయి, ఖర్మ అనుకున్నాం. మళ్ళీ వచ్చాడు చూడు ఆ మంత్రి, ఎన్నికల ముందు, తెల్ల చొక్కాలో, అదే గట్టు మీద నిలబడి, ఈ వీధికి నీళ్ళిచ్చింది నేనే అన్నాడు. కొళాయి పక్కనే నిలబడి! అది నోరు తెరుచుకుని ఉంది, చుక్క లేదు, ఈయన నోరు మాత్రం ఆగలేదు.

ఆ రోజు నాకు నడుం నొప్పి, ఇంట్లోనే ఉన్నాను, చూడలేదు, అరుపులే విన్నాను. పిల్ల ఎప్పుడు వెళ్ళిందో, మిగిలిన అడుగు రంగు ముంతలో ముంచుకుని వెళ్ళింది. అందరూ అలాగే వెళ్ళారు. లోకంలో ఎక్కడైనా గొడవైతే రాళ్ళు విసురుతారు, రాయికి ఊరూ పేరూ ఉండదు, ఏ రాయి ఎవరిదో ఎవడు చెప్పగలడు. మా వీధివాళ్ళే, మా పిచ్చి వీధివాళ్ళే, ఎవరింటి రంగు వాళ్ళు పట్టుకెళ్ళి విసిరారు! కోపంలో కూడా ఒకళ్ళ తొట్టిలో ఒకళ్ళు చెయ్యి పెట్టలేదు, అంత మర్యాద. సున్నం కొట్టిన గట్టు మీద ఎరుపు, కారు అద్దం మీద నీలం, పోలీసు టోపీల మీద ఆకుపచ్చ, ఇంటింటికీ వచ్చి సంతకం చేయించుకున్నట్టుంది. ఊదా ఎక్కడ పడింది? మొహం మీద. చెవుల దాకా, పళ్ళ దాకా, తెల్ల చొక్కా బొడ్డు దాకా. మా ఊదా మామూలుది కాదు, పటిక వేసి మరగబెట్టినది, వారానికీ పోదు, ఆయన ఆ మొహంతోనే టీవీలో కనబడ్డాడట, పౌడరు కొట్టుకుని, పౌడరు కింద నుంచి ఊదా. అది వినగానే ముందు కడుపులో నవ్వు పుట్టింది, వెనకే చలి పుట్టింది. ఓసి నా తల్లీ, అనుకున్నాను, గోడ మీద విసరకపోయావా, గోడలు ఏమీ మనసులో పెట్టుకోవు.

కాల్పులు జరిగాయి, గాల్లోకి అన్నారు, గాల్లో ఉన్నాడు కాబోలు మరి వీధి మూల కుట్టుమెషీను కుర్రాడు, భుజంలో తగిలింది, ఆసుపత్రిలో ఉన్నాడు, ఎవర్నీ చూడనివ్వరు. ఆ రాత్రి నల్లింటన్నయ్య దొడ్డి దారుల్లోంచి ఇంటింటికీ కబురు పెట్టాడు, ఏమీ తేవద్దు, చేతులు తెచ్చుకోండి చాలు అని. ఆయనకి ఆ ఆలోచన ఎలా వచ్చిందంటే జెండాల వల్ల. ఎన్నికలొస్తే మాకు చేతినిండా పని, అన్ని పార్టీల జెండా గుడ్డలూ మా వీధిలోనే రంగెక్కుతాయి, పొద్దున ఒకాయన బండి, సాయంత్రం ఇంకొకాయన బండి, ఇద్దరూ మమ్మల్ని మీరంతా మావాళ్ళే కదా అంటారు, అవునండీ అంటాం. ఓడిపోయినవాళ్ళ జెండాలు తిరిగి ఎక్కడికొస్తాయో తెలుసా, నల్లింటికి. ఏ రంగైనా నలుపులో మునిగిపోతుంది, గొడుగుల గుడ్డగా తేలుతుంది. "నా తొట్టిలో ఎన్ని సర్కార్లు మునిగాయో, ఏ ఒక్కటీ ఈత నేర్చుకోలేదు" అంటాడాయన. ఆ తొట్టి అడుగున మిగిలిన నలుపులోనే వీధంతా చేతులు ముంచాం, చంటిపిల్లల చేతులు కూడా, ఒకళ్ళ వెనక ఒకళ్ళం. ఎర్రింటావిడ చెయ్యీ నా చెయ్యీ ఒకే నీళ్ళలో తగిలాయి, ఇన్నేళ్ళలో మొదటిసారి. తెల్లారి పోలీసులు వచ్చి, చేతులు చాపండి అన్నారు, చాపాం. వీధి పొడుగునా నలుపు. తొట్లలో మిగిలిందంతా ఎండిన కాలవలో ఒంపేశాం, ఏ ఇల్లు ఏ రంగో గోడకి రాసి ఉండదు కదా. వచ్చినవాళ్ళు కొత్తవాళ్ళు, బయటి నుంచి దింపినవాళ్ళు, ఆ పెద్ద అధికారి ఒక్కడు నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, చాలాసేపు చూసి, వదిలేశాడు, నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకు నచ్చలేదు. వారం చూసి, ఇవాళ పొద్దున ఈ తేనె గొంతు మొదలుపెట్టారు. చేతులు చెప్పనిది నోళ్ళు చెబుతాయని.

తలుపు మీద చప్పుడు, సరిగ్గా నా వీపు మీదే కొట్టినట్టుంది.

"పిన్నీ, నేను, ఎర్రింటిదాన్ని. ఏం చేస్తున్నావు?"

"తలుపు కాస్తున్నాను."

"పిల్లని పంపించు పిన్నీ. మావాణ్ణి నేనే తీసుకెళ్తున్నాను, నీలింటి కోడలు వస్తోంది, నల్లింటాయనే వస్తున్నాడు, అందరం కలిసి వెళ్తే ఏం చేస్తారు?"

"విడివిడిగా పిలుస్తారు."

ఆవిడ ఊపిరి చెక్కలోంచి వినబడుతోంది, పరిగెత్తినదానిలా. "నువ్వెప్పుడూ ఇంతే," అంది. "పాతకాలం నువ్వు. ఇప్పుడు ఫోన్లు, కెమేరాలు, అప్పట్లా కొట్టి పారేస్తే కుదరదు. ఈ పద్దెనిమిదేళ్ళవాడిని నేను ఎన్నాళ్ళు మంచం కింద దాచను? కాళ్ళు బయటికొస్తున్నాయి పిన్నీ, పొడుగు కాళ్ళు వాడివి!" గొంతు నవ్వబోయి విరిగింది. "మాట ఇచ్చారు కదా."

"వెళ్ళు తల్లీ. నీ బిడ్డ, నీ ఇష్టం. నా బిడ్డ, నా ఇష్టం."

"అందరూ వెళ్ళి ఇదొక్కతే రాకపోతే, అప్పుడేం చేస్తావు?"

ఆవిడా పిల్లా ఒకే మాట అంటున్నారు, పొద్దుటి నుంచీ పిల్ల అంటున్నదే అది, అందరూ వెళ్తే మిగిలినదే దొంగ అమ్మమ్మా, నన్ను దొంగని చేస్తున్నావు నువ్వు. కావచ్చు. మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు అంటారు చూడు, ఇవాళ ఆ కాలు నాది, గడప మీదే పెట్టాను, దాటనివ్వను. చెప్పుల చప్పుళ్ళు వెళ్ళిపోతున్నాయి, ఒకటి ఈడ్చుకుంటూ, అది నల్లింటన్నయ్య, ఒకటి తడబడుతూ, ఒకటి పరుగులాగ, వీధి వీధంతా వెళ్ళిపోతోంది, నా వీపుకి వినబడుతోంది. నమ్మి చెడినవాళ్ళు లేరంటారు. ఆ మాట పుట్టించినవాడెవడో గానీ మా వీధి గుండా పోలేదు. పిల్ల తాత, మా ఆయన, నమ్మాడు. అప్పుడు మైకు బండ్లు లేవు, సైకిలు మీద ఒకడు రేకు గరాటా నోటికి పెట్టుకుని అరుచుకుంటూ పోయేవాడు, మిల్లు గొడవలో ఉన్నవాళ్ళు వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పి సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు అని. ఆయన మంచి చొక్కా ఇస్త్రీ చేయమన్నాడు, పెళ్ళికి వెళ్తున్నట్టు తల దువ్వుకున్నాడు, నీళ్ళు కాచి ఉంచు, వచ్చి స్నానం చేస్తాను అన్నాడు. కాచాను. చల్లారాయి, మళ్ళీ కాచాను. సాయంత్రానికే వచ్చాడు, అబద్ధం ఆడలేదు వాళ్ళు, కాకపోతే ఆ సాయంత్రం రెండో ఏడు వచ్చింది.

చేతులు రెండూ ఉన్నాయి, వేళ్ళన్నీ ఉన్నాయి, మూసుకోవు, అంతే. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. అద్దకం పనిలో పిండటం ఇద్దరి పని, తడిసిన నూలు కట్ట, చిలప అంటాం, దాని ఒక కొస ఒకళ్ళు, ఇంకో కొస ఇంకొకళ్ళు పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి, ఈవిడ ఇటు మెలి తిప్పితే ఆయన అటు మెలి తిప్పాలి, రంగు మధ్యలోంచి కారుతుంది. పెళ్ళైన కొత్తలో అలా పిండుతూనే ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం, వేరే తీరికెక్కడిది. ఆయన వచ్చాక నేను ఒక కొస గుంజకి తగిలించి ఒక్కదాన్నే పిండాను, ఆయన అరుగు మీద కూర్చుని చూసేవాడు, గుంజ నీకంటే బాగా పడుతోంది అనేదాన్ని, నవ్వేవాడు పాపం, మూసుకోని చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఏం జరిగిందని ఎప్పుడూ అడగలేదు, అడిగితే ఆ సాయంత్రం భోజనం చేసేవాడు కాదు. తర్వాత సర్కారు మారింది, కొత్తవాళ్ళు వచ్చి పాతవాళ్ళు చేసినదంతా తప్పు అన్నారు, దండ వేశారు ఆయన మెడలో, షేక్ హ్యాండ్ ఇవ్వబోయి ఆగిపోయారు. ఆ కొత్తవాళ్ళే కదా జ్వరాల ఏడు, ఊళ్ళో జ్వరాలు లేవు, అవి వదంతులు, వదంతులు నమ్మకండి అని రేడియోలో చెప్పింది. లోపల నా కూతురు కాలిపోతోంది, ఒంటి మీద తడిగుడ్డ వేస్తే పొగ వచ్చినట్టుండేది, రేడియో దాని తలగడ పక్కనే ఉంది, పాటలు వింటుందని. చచ్చిపోయినవాళ్ళ లెక్కలో కూడా దాన్ని కలపలేదు, జ్వరమే లేనప్పుడు లెక్కెక్కడిది. నా కూతురు వదంతి వచ్చి చచ్చిపోయింది. దాని పిల్లేమో ఇదిగో, అప్పటికి నడక రాలేదు, ఇప్పుడు ఎదురుగా కూర్చుని నన్ను తినేసేలా చూస్తోంది.

మైకు బండి కూడా ఆగిపోయింది. ఇంత నిశ్శబ్దం ఈ వీధిలో ఎప్పుడూ లేదు, ఎప్పుడూ ఏదో ఒక కాగు మరుగుతూ ఉండేది, కర్రతో తిప్పే చప్పుడు, ఎవరో ఎవర్నో తిట్టే చప్పుడు. చెవులు రిక్కించుకుని కూర్చున్నాను, ఏం వినాలని, తుపాకీ చప్పుడు వినాలని. వినబడకూడదు దేవుడా అనుకుంటున్నాను, ఆ వెనకే ఇంకో నేను, వినబడితే నేనే గెలిచినట్టు కదా అనుకుంటోంది, ఛీ, ఎంత పాడు మనసు, ఎదురింటి బిడ్డలు చావాలా నేను గెలవడానికి! చేశారు కదా మనల్ని ఇలాగ. నీళ్ళు తీసుకుపోయారు సరే, కాలవ తీసుకుపోయారు సరే, పక్కింటివాడు క్షేమంగా వస్తాడేమోనని భయపడే మనిషిని చేశారు నన్ను. కిటికీ సందులోంచి వెలుతురు జారి పిల్ల మోకాలి మీదికి వచ్చింది, దాని నల్ల చేతులు ఒళ్ళో ఉన్నాయి, నావి నా ఒళ్ళో. చూస్తే ఎవరివి ఎవరివో తెలియదు, ముడతలు తప్ప.

"నిజంగానే చెబుతున్నారేమో," అంది పిల్ల, మెల్లగా. "ఒక్కసారి. ఒక్కసారైనా నిజం చెప్పకూడదా వాళ్ళు?"

"ఎందుకు చెబుతారే?"

"తెలీదు. చెప్పకూడదని లేదు కదా." ముక్కు ఎగబీల్చింది. "నేను తప్పు చేయలేదు అమ్మమ్మా. ఆ మాట వాళ్ళ మొహం మీద చెప్పాలని ఉంది."

"నువ్వు మొహం మీద చెప్పినది చాల్లే."

అప్పుడు వినబడింది. తుపాకీ కాదు. ఈల. ఎర్రింటి పొడుగువాడి ఈల, ఆ వంకర ఈల ఇంకెవరికీ రాదు. పిల్ల ఒక్క గంతులో కిటికీ దగ్గరికి పోయింది. "వచ్చేస్తున్నారు! అమ్మమ్మా, అందరూ, అందరూ వస్తున్నారు, వాడికి దెబ్బ కూడా లేదు, చూడు, నడుస్తున్నాడు!" ఇటు తిరిగింది, కళ్ళనిండా నీళ్ళు, అవి సంతోషం కాదు, కోపం. "చూశావా? నిజమే చెప్పారు. నిజమే చెప్పారు! నీ మూలంగా నేనొక్కదాన్నే మిగిలాను. నీ భయం, తాత భయం, అన్నీ నా నెత్తి మీద పెట్టావు. రేపటి నుంచి వీధిలో ఏ మొహంతో తిరగను?" తిట్టనీ. ఇన్ని తిట్లూ తీపిగానే ఉన్నాయి, పిల్ల కళ్ళెదురుగా ఉండి తిడుతోంది. కాళ్ళు నిజంగానే తిమ్మిరెక్కాయి, గోడ పట్టుకుని లేచాను, కిటికీ దగ్గరికి వెళ్ళాను. వస్తున్నారు, నిజమే, ఇంత మంది ఇంత క్షేమంగా తిరిగి రావడం నా జన్మలో చూడలేదు. నీలింటి ముసలాయన, ఆకుపచ్చింటి అన్నదమ్ములు, నల్లింటన్నయ్య. ఒక్క నిమిషం, నేను తప్పని తేలిందే అని సంతోషం.

ఆ తర్వాత చూశాను. ఎవరూ ఇటు చూడటం లేదు. నల్లింటన్నయ్య మా గోడవారగా నీడలో నడిచే మనిషి, ఎండ పడదని, ఇవాళ ఎండలో అవతలి పక్కన నడుస్తున్నాడు, కర్ర మీదే కళ్ళు. ఆకుపచ్చింటివాళ్ళు మా వాకిలి వచ్చేసరికి అడుగు పెంచారు. పొడుగువాడు ఈల వేస్తూనే వచ్చాడు, మా ఇంటి ముందుకి రాగానే వాళ్ళమ్మ వాడి నోటి మీద చెయ్యి వేసింది, చెయ్యి తీయకుండానే లాక్కుపోయింది, నల్లటి చెయ్యి. చావు ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు అలా పోతారు. పిల్ల ఇంకా ఏదో అంటోంది, నాకు వినబడటం లేదు.

చివర నీలింటి కోడలు. ఆ పిల్ల నెమ్మదైనది, నోట్లో నాలుక లేదు, కడుపుతో ఉంది. దాటిపోయింది, ఆగింది, వెనక్కి వచ్చింది, కిటికీ పక్క గోడకి ఆనుకుంది, మొహం వీధి వైపే పెట్టుకుని.

"అత్తా."

"చెప్పమ్మా."

"ఒకటే అడిగారు. ఒక్కొక్కళ్ళనీ లోపలికి పిలిచి ఒకటే. గోడలు కడిగేశాం, కారు కడిగేశాం, అవి మర్చిపోతాం, ఊదా ఎవరిది అని."

"ఎవరు చెప్పారు?"

"నాకు తెలీదత్తా. నేను వెళ్ళేసరికే వాళ్ళకి తెలుసు. అవునా కాదా అని అడిగారు, అంతే."

"నువ్వేమన్నావు?"

ఆ పిల్ల కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. ఆ చెయ్యే జవాబు. ఏమంటాను, నా కూతురే ఆ గోడకి ఆనుకుని ఉంటే ఏం చెప్పమనేదాన్ని, తలూపి వచ్చెయ్యమ్మా అనేదాన్ని. "సరే, వెళ్ళు, ఎండలో నిలబడకు," అన్నాను. వెళ్ళబోతుంటే ఒక్క మాట అడిగాను. "పేరు చెప్పారా?"

"పేరా?" అంది, నేనేదో వింత అడిగినట్టు. "ఊదింటిది అన్నాం. పేర్లెవరికి తెలుసత్తా."

మాట నిలబెట్టుకున్నారు. అదీ సంగతి. ఇన్నేళ్ళలో ఈ ఒక్కసారీ అన్నమాట అన్నట్టు చేశారు, కొట్టలేదు, కేసు పెట్టలేదు, మాట్లాడి ఇంటికి పంపించారు, ఆ అమ్మాయి తేనె గొంతులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధం చెబితే వీధంతా ఒక్కటిగా ఉండేది, నలుపులో నలుపుగా. నిజం చెప్పి విడదీశారు. వెళ్ళి ఉంటే పిల్లని అక్కడే ఉంచేసుకునేవాళ్ళు, వెళ్ళలేదు కనక ఇక్కడికి వస్తారు, నేను తలుపుకి ఆనించిన వీపు ఒక గంట కొనిపెట్టింది, అంతే. పిల్ల విన్నది. అరవడం ఆపేసింది. గోడకి జారి కూర్చుంది, చిన్నపిల్లలా మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, ఇరవై ఏళ్ళ గాడిద, నా బంగారం.

"అమ్మమ్మా, అందరూ చెప్పారా?"

"చెప్పారు. ఏడవకు, టైము లేదు. ఎక్కడ నిలబడ్డావు నువ్వు?"

"ఏంటి?"

"విసిరినప్పుడు. గట్టుకి ఇటా, అటా?"

"ఇటు. మెట్టు మీద. ఎందుకు?"

"ముంత ఏది? పిడి ఉన్నదా, లేనిదా?"

"లేనిది. రెండు చేతులతో పట్టుకున్నా. అమ్మమ్మా, వద్దు."

"నోర్ముయ్యి. ఊదింటిది అన్నారు, ఊదింట్లో ఇద్దరం ఉన్నాం. ఏమని అరిచావు?"

"ఏమీ అరవలేదు. నువ్వా నీళ్ళిచ్చింది అన్నా. మెల్లగానే అన్నా. ఆయన నా వైపు తిరిగాడు, నవ్వుతూ, దండం పెడదామని చేతులు ఎత్తాడు, అప్పుడు..." పిల్ల తల అడ్డంగా ఊపింది. "నిన్ను నమ్మరు అమ్మమ్మా. నీ నడుం చూసి నవ్వుతారు."

నవ్వనీ. ఇన్నేళ్ళుగా వాళ్ళవి ఎన్ని నమ్మాను, ట్యాంకరుకి చప్పట్లు కొట్టాను, నాది ఒక్కటి నమ్మితే వాళ్ళ సొమ్మేం పోయింది. నమ్మకపోతే ఇంకోటి చెబుతాను, ముసల్దాన్ని, నోరు ఆగని ముసల్దాన్ని, తెల్లారేదాకా చెబుతాను, మా అత్తగారి దగ్గర నుంచి మొదలుపెడతాను, ఆ లోపల పిల్ల దొడ్డి తలుపు తీసుకుని, ఎండిపోయిన కాలవలో దిగి, ఎవరికీ కనబడకుండా ఎంత దూరం పోగలదో అంత దూరం పోతుంది. నీళ్ళు తీసుకుపోయి కాలవని దారి చేసి పెట్టారు, ఆ మేలు మాత్రం చేశారు. దాని తల ఒకసారి దగ్గరికి తీసుకుని వాసన చూశాను, పటిక వాసన, ఎంత రుద్దినా పోదు. తోశాను. పోవే. వెనక్కి చూడకు. దొడ్డి తలుపు మూసుకున్న చప్పుడు విన్నాను, ఆ తర్వాత జీపు మలుపు తిరిగిన చప్పుడు విన్నాను, పీట పక్కకి జరిపి గొళ్ళెం తీసి వాకిట్లోకి వచ్చాను. అన్ని కిటికీల వెనకా ఉన్నారు మా వీధివాళ్ళు, నాకు తెలుసు. ఇప్పుడు నాకు బాగా గుర్తొస్తోంది. మెట్టు మీద నిలబడ్డాను, గట్టుకి ఇటువైపు. ముంతకి పిడి లేదు, రెండు చేతులతో పట్టుకున్నాను, అంచు దాకా ఉంది, చల్లగా ఉంది, ఎండలో నల్లగా కనబడింది కానీ అది ఊదా. ఆయన తిరిగాడు నా వైపు, నవ్వుతూ, చేతులెత్తాడు. నువ్వా నీళ్ళిచ్చింది, అన్నాను. మెల్లగానే అన్నాను.